వదులైన క్లిప్పు

భరత్ ఇంట్లో అబద్ధాలాడే మనిషి కాదు. ప్రొద్దుటూరులో ఉన్న అన్నదమ్ములతో గానీ, మణికొండలో తనతో కాపురముంటున్న భార్య నవ్యతో గానీ ఏదైనా దాచాల్సి వస్తే మొహం ఎర్రబడి దొరికిపోయేవాడు. ఉద్యోగంలో మాత్రం తడుముకోకుండా ఆడేవాడు. వాటిని అబద్ధాలని ఏనాడూ అనుకోలేదు. కస్టమరుకు సలహా ఇస్తున్నానని అనుకునేవాడు. ఉద్యోగం పేరు కూడా అలాంటిదే, సర్వీస్ అడ్వైజర్.

నానక్‌రామ్‌గూడ టవర్లు దాటి కాస్త లోపలికి వెళితే, అన్ని కంపెనీల కార్లూ బాగుచేసే పెద్ద షెడ్డు ఒకటుంది. కారు రాగానే ఎదురెళ్లి నమస్కారం పెట్టడం, ట్యాబ్‌లో ఫిర్యాదు రాసుకోవడం, లోపల మెకానిక్ చూసి చెప్పినదాన్ని బయట కూర్చున్న యజమానికి విప్పి చెప్పడం అక్కడ భరత్ పని. మెకానిక్ చెప్పినదానికీ యజమాని విన్నదానికీ మధ్య ఎంత తేడా ఉంటే మేనేజర్ దినేశ్ మొహం అంత వెలిగేది.

పట్టాభిరామయ్య మొదటిసారి ఆ షెడ్డుకు వచ్చింది నాలుగేళ్ల కిందట, జూలైలో, ముసురు పట్టిన ఒక ఉదయం. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. తణుకు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, తెల్లాపూర్‌లో కూతురి ఫ్లాటుకు వచ్చేశాడు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు పోయాక ఆయనా భార్య వీరలక్ష్మీ తిరగడానికి ఒక చిన్న కారు ఉండేది.

"కారు కింద పచ్చగా మడుగు కడుతోంది బాబూ. నూనె కాదు, వేలితో చూశాను. ఏమిటో కాస్త చూడండి" అన్నాడు.

లోపల జహంగీర్ కారును పైకి లేపి లైటు వేసి చూశాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

"కింద పైపు క్లిప్పు లూజ్ అయింది భయ్, గంతే. కూలెంట్ ఆడికెళ్లి కారుతుంది. కొత్త క్లిప్పు ఏస్తే ఖతం. రేడియేటర్ మస్తుగున్నది. కంపెనీల నుంచి వచ్చిందే, ఇంక పదేండ్లు నడుస్తది."

వెనకాల నిలబడ్డ దినేశ్ ఆ మాట విన్నాడు. "ఏంది జహంగీర్, నువ్వే డాక్టర్ లెక్క చెప్తున్నవ్. భరత్, ఈ నెల మన దగ్గర రేడియేటర్ ఒక్కటి గూడ కదల్లేదు. జర చూస్కో" అని గాజు గదిలోకి వెళ్లిపోయాడు.

భరత్ చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు. పట్టాభిరామయ్య ఏసీ గదిలో కూర్చోకుండా షెడ్డు అంచున బల్ల మీద కూర్చుని పని చూస్తున్నాడు. భరత్ ఆయన పక్కనే కూర్చుని, ఇంజిన్ ఎలా వేడెక్కుతుందో, లోపల తిరిగే కూలెంట్ ఆ వేడిని ఎలా మోసుకొచ్చి రేడియేటర్ సన్నగొట్టాల్లో చల్లబడి మళ్లీ వెనక్కి వెళుతుందో కాగితం మీద బొమ్మ వేసి చెప్పాడు. అదంతా నిజమే. చివర ఒక్క మాట మాత్రం కలిపాడు.

"మీ రేడియేటర్‌కి లోపల సన్నటి పగులొచ్చింది సార్. మార్చాల్సిందే."

పట్టాభిరామయ్య ఆ కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. "ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పాను. నన్ను కూర్చోబెట్టి ఇంత చక్కగా పాఠం చెప్పినవాడివి నువ్వే బాబూ. నీకు తెలిసిన పని, నువ్వు చెప్తున్నావు. మార్చేయండి" అన్నాడు.

గోదాంలోంచి కొత్త రేడియేటర్ వచ్చింది. పెట్టె మీద కంపెనీ పేరుంది గానీ, లోపలున్నది ఎక్కడో ఊరవతల తయారైన సరుకని షెడ్డులో అందరికీ తెలుసు. జహంగీర్ మాట్లాడకుండా బిగించాడు. క్లిప్పు కూడా కొత్తదే వేశాడు కాబట్టి కారడం ఆగిపోయింది. పాత రేడియేటర్‌ను గోడవారగా పెడుతూ, "మంచి పీసు తీసి కచరా పెట్టినం భయ్" అన్నాడు. భరత్ విననట్టే వెళ్లిపోయాడు.

అక్కడితో అయిపోయి ఉంటే, అలాంటి వందమంది కస్టమర్లలో పట్టాభిరామయ్య ఒకడై పోయేవాడు. కానీ ఆయనకు భరత్ నచ్చాడు. ఆర్నెల్లకోసారి సర్వీసుకు వచ్చినప్పుడల్లా "మా భరత్ ఉన్నాడా?" అని అడిగి మరీ ఆగేవాడు. మాటల్లో నవ్య బ్యాంకు క్లర్కు పరీక్షలు రాస్తోందనీ, లెక్కల్లోనే రెండుసార్లు పోయిందనీ తెలిసింది.

"లెక్కల్లో పోవడమేమిటి! ఆదివారం తీసుకురా అమ్మాయిని" అన్నాడు.

ఆ తర్వాత పది నెలల పాటు ప్రతి ఆదివారం ఉదయం నవ్య తెల్లాపూర్ వెళ్లింది. ఆయన ఫీజు మాట ఎత్తనివ్వలేదు. వీరలక్ష్మి ఇడ్లీ పెట్టకుండా పంపేది కాదు. నవ్య ఇంటికొచ్చి "సార్ చెప్తే లెక్కంటే బయం పోయిందబ్బా" అని మురిసిపోతుంటే భరత్‌కు సంతోషంగానూ ఉండేది, లోపలెక్కడో ఇబ్బందిగానూ ఉండేది. ఒకట్రెండుసార్లు ఆయనకు చెప్పేద్దామనుకున్నాడు. ఇప్పుడు చెబితే నవ్య చదువు మధ్యలో పోతుందని సర్దిచెప్పుకున్నాడు. కారు బాగానే నడుస్తోంది కదా, ఎవరికి నష్టమని కూడా అనుకున్నాడు.

పరీక్ష నెల రోజులుందనగా పట్టాభిరామయ్య షెడ్డుకు వచ్చాడు. కారు దిగలేదు. అద్దం దించి భరత్‌ను దగ్గరికి పిలిచాడు.

అప్పటికి జహంగీర్ దినేశ్‌తో గొడవపడి ఉద్యోగం మానేసి, నానక్‌రామ్‌గూడ పాతూళ్లో సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాడు. ముందురోజు పట్టాభిరామయ్య టైరులో గాలి పోతే అక్కడ ఆగాడు. జహంగీర్ ఆయన్ని గుర్తుపట్టి జరిగిందంతా చెప్పాడు.

"ఒక్కటే అడుగుతాను బాబూ" అన్నాడు పట్టాభిరామయ్య. ఆయన గొంతులో కోపం లేదు. "ఆవేళ నా రేడియేటర్ నిజంగా పోయిందా?"

భరత్‌కు మొహం ఎర్రబడలేదు. తను నిలబడ్డది షెడ్డులో. ఒంటి మీద కంపెనీ చొక్కా ఉంది.

"పోయింది సార్. జహంగీర్ మేనేజర్‌తో గొడవపడి మానేశాడు కదా, ఆ కసితో అలా చెప్తుంటాడు. చాలామందికి చెప్పాడు. మీరు పట్టించుకోకండి."

పట్టాభిరామయ్య అతని మొహంలోకి కాసేపు చూసి, "సరే" అన్నాడు. కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.

నవ్యకు మాత్రం పాఠం ఆపలేదు. ఆ నెలలో నాలుగు ఆదివారాలూ ఎప్పటిలాగే చెప్పాడు, ఈ సంగతి ఆమె దగ్గర ఎత్తనైనా లేదు. నవ్య పరీక్ష పాసైంది. లింగంపల్లి బ్రాంచిలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా కొని "పోయి సార్ కాళ్లకు దండం పెట్టొద్దాం పా" అని ఆమె బయల్దేరితే, సార్ వాళ్లు తణుకు పోయినారంట, నెల దాకా రారంట అని భరత్ మొహం అటు తిప్పుకుని చెప్పాడు. ఆమె ఫోన్ చేసింది. ఆయన ఆశీర్వదించాడు. ఎక్కడున్నారని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్త ఉద్యోగం, రోజూ ప్రయాణం. తర్వాత తర్వాత పండగలకు ఫోన్లే మిగిలాయి.

అలా రెండేళ్లు గడిచాయి. ఈ మే నెలలో దినేశ్ కొత్త ఆలోచన చేశాడు. పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు వెళ్లి, టెంటు వేసి, ఎండాకాలం కార్లు ఉచితంగా పరీక్ష చేసే క్యాంపు. మొదటి ఆదివారమే తెల్లాపూర్ వంతు. గేటు మీద పేరు చూడగానే అది పట్టాభిరామయ్య ఉండే చోటేనని భరత్ గుర్తుపట్టాడు. వెనక్కి పోయే వీలు లేదు.

పదకొండు గంటలకు వరసలో ఐదో కారు పట్టాభిరామయ్యది. ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. భరత్‌ను చూసి తల పంకించాడు, పలకరించలేదు. అసోసియేషన్ వాళ్లు ప్రతి ఫ్లాటు నుంచీ కారు పెట్టమన్నారని తెచ్చాడంతే.

ఇంజిన్ చల్లగానే ఉంది. భరత్ రేడియేటర్ మూత తీసి టార్చి వేసి చూశాడు. పచ్చగా ఉండాల్సిన చోట తడి ఇటుకపొడి రంగు నీళ్లున్నాయి. మూత అడుగున తెల్లగా పెచ్చులు కట్టింది. గాలి పంపు బిగించి ఒత్తిడి పెట్టాడు. ముల్లు నిలవలేదు, చూస్తుండగానే దిగిపోయింది. పైన ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియం రేకుతో కలిసే అంచున వెంట్రుకంత పగులు, దాని వెంబడి ఎర్రటి చెమ్మ. ఈసారి పగులు నిజంగానే ఉంది.

"ఇందులో నీళ్లెవరు పోస్తున్నారు సార్?"

"నేనే. నాలుగు రోజులకో చెంబు. బోరు నీళ్లు."

"కూలెంట్ పోయాలి కదా సార్! బోరు నీళ్లకు లోపలంతా ఉప్పు పట్టేసింది. గొట్టాలు పూడుకుపోయాయి."

"కూలెంట్ కూడా మీరు అంటగట్టే సరుకుల్లో ఒకటేమో అనుకున్నాను" అన్నాడు పట్టాభిరామయ్య. ఎత్తిపొడవాలని అన్నట్టు లేదు, నిజంగా అనుకున్నదే చెప్పినట్టుంది. "జహంగీర్ ఉంటే చూపించేవాణ్ణి. షెడ్డు ఎత్తేసి దుబాయ్ పోయాడట."

"సార్, రేడియేటర్ మార్చాలి. ఈ కారు బయటికి తీయకండి. ఈ ఎండకు ఎక్కడైనా ట్రాఫిక్‌లో ఆగితే మరిగిపోతుంది."

"ఇది నువ్వు వేయించిందే కదా బాబూ. నాలుగేళ్లకే పోయిందా? పాతది పన్నెండేళ్లు ఉంది."

భరత్ మూత తిరిగి బిగించాడు. "నేను మార్పిస్తాను సార్. మీరేమీ ఇవ్వొద్దు. నా సొంత డబ్బుతో వేయిస్తాను, కంపెనీదే తెప్పిస్తాను. రేపే బండి పంపించి తీసుకెళ్తాను."

ఆ మాటతో ఆయన మొహంలో మిగిలిన కాస్త మెత్తదనం కూడా పోయింది. "ఊరికే చేస్తానంటే మరీ భయం వేస్తోంది. వద్దులే" అన్నాడు.

అబద్ధం అప్పటిది సార్, ఇది నిజం. ఈ నాలుగు మాటలూ భరత్ నోటి చివరిదాకా వచ్చాయి. పక్కనే దినేశ్ కరపత్రాలు పంచుతూ నవ్వుతున్నాడు. వెనక వరసలో ఆ కమ్యూనిటీ వాళ్లు పదిమంది నిలబడి వింటున్నారు. సాయంత్రం ఫోన్ చేసి చెబుదాం, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకున్నాడు. అంతలో వీరలక్ష్మి కూరగాయల సంచితో అటుగా వస్తే ఎదురెళ్లి, "అమ్మా, సార్‌ను కారు తీయనివ్వకండి. రేడియేటర్ పగిలింది. చాలా ప్రమాదం" అని బతిమాలినట్టే చెప్పాడు.

"చెప్తాను నాయనా. ఈమధ్య ఎవరి మాటా వినడం లేదు" అందామె. భరత్ ట్యాబ్‌లో కూడా ఆ హెచ్చరిక రాసిపెట్టాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మర్నాడు రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ రాయబోయి, రాసింది ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందని చెరిపేశాడు. "సార్, దయచేసి కారు తీయవద్దు" అని మాత్రం పంపాడు. మంగళవారం పనుల్లో పడి ఇక చేయలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి, లారీ మీద ఎక్కించిన కారొకటి షెడ్డు ముందు ఆగింది. దారిలో చెడిపోయిన కార్లను దగ్గర్లోని షెడ్డుకు చేర్చేవాళ్లు తెచ్చారు. దూరం నుంచే నంబరు చూసి భరత్ పరుగెత్తాడు. బానెట్ సగం లేచి ఉంది. రేడియేటర్‌కు మూత లేదు. ఇంజిన్ మీద, బానెట్ లోపలివైపు, ముందు అద్దం దాకా ఎర్రటి బురద చిమ్మి ఎండిపోయింది. చిన్న తుండుగుడ్డ ఒకటి ఫ్యాను రెక్కల దగ్గర ఇరుక్కుని ఉంది.

"పెద్దాయన అన్నా. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద మూత తీసిండు. మసిలే నీళ్లు మొఖం మీదకు కొట్టినయ్. దవాఖానకు తీస్కపోయిర్రు" అన్నాడు లారీ డ్రైవరు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డు బయట కుర్చీలో వీరలక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది. కూతురు కింద మందులు తేవడానికి వెళ్లింది. వీరలక్ష్మి చీర కుచ్చెళ్ల మీద ఆ ఎర్ర మరకలే ఉన్నాయి. భరత్‌ను చూడగానే లేచి అతని చేయి పట్టుకుంది.

"నా మోకాలు చూపించుకు వస్తున్నాం నాయనా. ఆటోలో పోదామన్నాను, వినలేదు. వంతెన మీద బళ్లన్నీ ఆగిపోయాయి. ముందు నుంచి పొగలొచ్చాయి. దిగి బానెట్ ఎత్తారు. మోటారు సైకిలాయన ఎవరో నీళ్ల సీసా ఇచ్చాడు. కాసేపు ఆగండి, చల్లారనివ్వండి అని నేను అరుస్తూనే ఉన్నాను. వెనక బళ్లవాళ్లు హారన్లు... కంగారు పడిపోయారు. గుడ్డ వేసి మూత తిప్పారు." ఆమె వార్డు తలుపు వైపు చూసింది. "ఎడమ కన్ను రాదంటున్నారు. నువ్వు చెప్పావు. ఇంతమందిలో నువ్వొక్కడివే ముందే చెప్పావు. సొంత మనిషిలా డబ్బు కూడా వద్దన్నావట. మేమే వినలేదు. నీ రుణం..."

"అమ్మా, అట్లా అనొద్దు" అన్నాడు భరత్. చేయి విడిపించుకోలేకపోయాడు.

లోపలికి ఒక్కర్ని పంపుతామన్నారు. ఆమె అతన్నే వెళ్లమంది. నీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుంది అంది.

పట్టాభిరామయ్య మొహమంతా కట్లే. కుడి కన్ను కూడా మూసి కట్టారు. మెడ నుంచి ఛాతీ దాకా తెల్లటి మందు పూసి ఉంది. చేతులు రెండూ మూటల్లా ఉన్నాయి. పెదవులు వాచి ఉన్నాయి.

"సార్, భరత్‌ను."

ఆయన తల కదల్చలేదు.

"సార్, ఆరోజు మీ రేడియేటర్ బాగుంది. క్లిప్పు వదులైంది, అంతే. జహంగీర్ చెప్పింది నిజం. నేనే అబద్ధం చెప్పాను. మీరు వచ్చి అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను." ఆ మాటలు అంత తేలిగ్గా వచ్చేస్తాయని అతను అనుకోలేదు. నాలుగేళ్లుగా రాని మాటలు నాలుగు ఊపిరుల్లో అయిపోయాయి.

ఆయన నిద్రపోయాడేమో అనుకున్నాడు భరత్.

"తెలుసు" అన్నాడు పట్టాభిరామయ్య. వాచిన పెదాల్లోంచి మాట ముద్దగా వచ్చింది. "జహంగీర్ చెప్పగానే తెలిసింది. నువ్వు ఒప్పుకుంటావని వచ్చాను ఆవేళ. కుర్రాడు, ఉద్యోగం, ఎవరో చెప్పమంటే చెప్పి ఉంటాడు, ఒప్పుకుంటే చాలనుకున్నాను." ఊపిరి కోసం ఆగాడు. "అప్పుడు ఒప్పుకుని ఉంటే మొన్న నీ మాట వినేవాణ్ణి."

భరత్ మంచం పక్కన ఇనుప కమ్మీ పట్టుకున్నాడు.

"మొన్న నువ్వు చెప్పేటప్పుడు కూడా చూశాను. నీ మొహం. నిజమేనేమో అనిపించింది. కానీ ఎలా తెలుసుకోను బాబూ? మొదటిసారి బొమ్మ గీసి చెప్పినప్పుడు కూడా నీ మొహం అలాగే ఉంది."

వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది. తలుపు దగ్గర వీరలక్ష్మి నిలబడి ఉంది. మనసు ఊరుకోక నర్సును బతిమాలి లోపలికి వచ్చినట్టుంది. ఎంత విన్నదో ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది. అతను దాటుతున్నప్పుడు, ఇందాక అతని చేయి పట్టుకున్న తన చేతిని చీరకొంగుతో తుడుచుకుంది.

ఇంటికి వెళ్లి నవ్యకు చెప్పాడు. ఒకటి చెబితే రెండోది చెప్పాల్సి వచ్చింది, మిఠాయి డబ్బా రోజు సార్ ఊళ్లోనే ఉన్నారనేదాకా. నవ్య కుక్కర్ దించబోతూ అట్లాగే నిలబడిపోయింది.

"ఆయప్పకు అప్పటికే తెల్సా? తెల్సీ నాకు పాఠం చెప్పినాడా?"

"ఊ."

"నెలంతా?"

"ఊ."

ఆమె పొయ్యి కట్టేసి బాల్కనీలోకి పోయి కూర్చుంది. ఆరోజు ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడు షెడ్డులో పొద్దుటి మీటింగు. దినేశ్ అప్పటికే ఆ కారు ఫోటో తీయించాడు. మూత లేని రేడియేటర్, అద్దం మీద ఎర్ర బురద. కింద రాసింది చదివి వినిపించాడు. "మా అడ్వైజర్ ముందే హెచ్చరించారు. కస్టమర్ వినలేదు. మీ రేడియేటర్ ఎలా ఉంది? ఈరోజే పరీక్ష చేయించుకోండి." అది వేలమంది కస్టమర్ల ఫోన్లకు పోతుందట. "భరత్‌కు చప్పట్లు కొట్టుర్రి. క్యాంపుల నోట్ గూడ రాసిపెట్టిండు. రికార్డు ఉన్నది మన దగ్గర" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నాలుగేండ్ల కిందట ఆయన రేడియేటర్ మంచిదే ఉండె" అన్నాడు భరత్. చప్పట్లు తగ్గాయి. "నేనే అబద్ధం చెప్పి మార్పిచ్చినా. మనం వేసిన సరుకే పగిలింది. అందుకే నేను చెప్తే ఆయన నమ్మలేదు."

దినేశ్ అతని వైపు విసుగ్గా చూశాడు, కోపంగా కాదు.

"గదేమన్న కొత్త ముచ్చటా? ఈడ ఎవరు చెప్పలే అబద్ధం? నువ్వొక్కనివే చెప్పినవా?" వరసగా నిలబడ్డ మిగతా అడ్వైజర్ల వైపు చేయి చూపించాడు. వాళ్లు తలలు దించుకున్నారు. ఒకడు నవ్వాపుకున్నాడు. "ఫికర్ చెయ్యకు. క్లిప్పు సంగతి ఎవ్వడడుగుతడు ఇప్పుడు? ఇగ పనికి పోండి."

మెసేజ్ వెళ్లింది. మధ్యాహ్నానికల్లా ఫోన్లు మోగడం మొదలైంది. ఆ వారం షెడ్డు ముందు కార్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. వచ్చినవాళ్లలో సగం మంది ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి చూపిస్తూ, మాది కూడా ఇలా అవుతుందా అని అడిగేవాళ్లు. ఒకమ్మాయి కారు చూసి, మీ రేడియేటర్‌కు ఏమీ కాలేదు, కూలెంట్ మార్చుకుంటే చాలన్నాడు భరత్. ఆమె నమ్మలేదు. పక్కనున్న అడ్వైజర్ దగ్గరికి వెళ్లి మార్పించుకుంది.

రాజీనామా రాసి జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు. ఇంకెక్కడికి వెళ్లినా ఇవే అబద్ధాలు, ఇదే అమ్మకాల టార్గెట్ అని తెలుసు. చివరికి కస్టమర్లతో మాట్లాడే పని వద్దని అడిగి, జీతం తగ్గినా సరేనని, విడిభాగాల స్టోరు గదికి మారాడు. ఇప్పుడు కిటికీలోంచి చీటీ వస్తుంది. చీటీలో ఉన్న పెట్టె తీసి ఇస్తాడు. అది ఎవరి కారుకో, నిజంగా కావాలో వద్దో అతను అడగడు. వాళ్లూ చెప్పరు.

పట్టాభిరామయ్య నెల తర్వాత ఇంటికొచ్చాడు. కుడి కన్నుతో మసగ్గా కనిపిస్తోంది, అక్షరాలు మాత్రం ఆనడం లేదు. ఈ సంగతి నవ్య ఆయన కూతురు రసజ్ఞకు ఫోన్ చేసి కనుక్కుంది. తరువాతి ఆదివారం నవ్య పేపరు కొనుక్కుని బయల్దేరింది. బస్సులో పోతానంది. నేను దింపుతానన్నాడు భరత్. ఆమె వద్దనలేదు, సరేననలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరు ముందుకు తోశాడు. నవ్య తన పేరు రాసి, పెన్ను వెనక్కి ఇచ్చేసి లోపలికి నడిచింది. భరత్ బండిని రోడ్డవతల నీడలో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు గంటలు పట్టింది. ఆ మధ్యలో లోపలి నుంచి కార్లు వస్తూ పోతూ ఉంటే, ఏ కారు కిందైనా తడి కనిపిస్తుందేమోనని చూడటం మానలేకపోయాడు.

నవ్య బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బండెక్కి కూర్చుంది.

"ఎట్లున్నాడు సార్?"

"పేపరంతా చదివిచ్చుకున్నాడు. షేర్ల పేజీతో సహా."

"అమ్మ?"

"ఇడ్లీ పెట్టింది."

భరత్ కిక్ కొట్టలేదు. వెనక్కి తిరగకుండానే అడిగాడు. "నా గురించి ఏమన్నా అన్నాడా?"

"లేదు" అంది నవ్య. "అడగలేదు. వచ్చే ఆదివారం నేను బస్సులో వస్తాలే."

అతను బండి స్టార్ట్ చేశాడు.